నాలుగో మూల కోను

కళ్ళజోళ్ళాయనకి కారు తలుపు మీదున్న ఒకటో అంకె అంటే ప్రాణం. ఆదివారం పొద్దున్నే కారు కడిగేటప్పుడు మిగతా బండినంతా ఏదో ఒక పాతగుడ్డతో తుడిచి, ఆ అంకెను మాత్రం షాపులో అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. తొమ్మిదేళ్ళుగా అది ఆ తలుపు మీదే ఉంది. క్లబ్బులో ఏడాది పొడుగునా పోటీలు జరిగాక ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్ళకి ఆ అంకె ఇస్తారు. మళ్ళీ ఏడాది తిరిగేదాకా అది వాళ్ళ సొత్తు. కప్పులంటారా, అవి ఇంట్లో బీరువా మీద దుమ్ము కొట్టుకుంటూ పడి ఉంటాయి, ఎవరు చూడొచ్చారు? అంకె అలా కాదు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండివాళ్ళు చూస్తారు. షాపు ముందు ఆపితే, కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు "ఆ ఒకటి ఏంటండీ?" అని అడుగుతారు. వాళ్ళు అడగకపోతే, గోడ మీది చార్టు చదివించడం అయ్యాక ఆయనే "ఇప్పుడు ఆ కిటికీలోంచి చూసి, కారు మీద ఏముందో చదవండి" అనేవాడు.

క్లబ్బంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. మూతపడిన టైల్సు ఫ్యాక్టరీ వెనకాల పెద్ద సిమెంటు మైదానం ఒకటుంది. నెలకు రెండు ఆదివారాలు అక్కడ ఎర్ర రబ్బరు కోన్లు పేర్చి, వంకరటింకరగా ఒక దారి తయారుచేస్తారు. ఒకసారికి ఒక్క కారే వెళ్తుంది. ఎవరినీ దాటక్కర్లేదు, ఎవరినీ గుద్దక్కర్లేదు, గడియారంతోనే పోటీ. ప్రతి కోను అడుగు చుట్టూ సుద్దముక్కతో నలుచదరంగా గీత గీస్తారు. కారు తగిలి కోను పడిపోయినా, గీత బయటికి పూర్తిగా జరిగినా టైముకి రెండు సెకన్లు కలుపుతారు. గీత మీద ఏ కాస్త ఆనుకొని ఉన్నా తప్పు లేదు. గీతే చెరిగిపోయి ఉందనుకోండి, కోను నిలబడి ఉన్నంతవరకు డ్రైవరుకే లాభం.

క్లబ్బులో జీతగాళ్ళంటూ ఎవరూ లేరు. సగం మంది నడుపుతుంటే మిగతా సగం మంది ఎండలో మూలమూలనా నిలబడి కోన్లకు కాపలా కాయాలి, పడ్డవాటిని నిలబెట్టాలి, లెక్క చెప్పాలి. తర్వాత వీళ్ళు నడుపుతారు, వాళ్ళు నిలబడతారు. ఈ పని వంతుల కోసం పెట్రోలు కార్లు ఒక జట్టు, డీజిలు కార్లు ఒక జట్టు. పోటీ మాత్రం అందరికీ ఒకటే.

మైకు దగ్గర కూర్చునేది కళ్ళజోళ్ళాయన భార్య. ఆవిడ లెక్కల టీచరు. ఒక్కో కారు వెళ్ళిరాగానే వాకీటాకీలో "ఒకటో మూల? రెండో మూల?" అని వరసగా అడిగేది. మూలల్లో ఉన్నవాళ్ళు "సున్నా" అనో "ఒకటి" అనో తప్పులు చెప్పేవారు. అప్పుడావిడ లెక్క కలిపి మైకులో టైము చదివేది. ఇంట్లో "పాల ప్యాకెట్లు తెచ్చారా?" అని అడిగే గొంతే అయినా, మైకులోంచి వచ్చేసరికి దానికి వేరే మర్యాద ఉండేది. ఆ గొంతులో తన టైము అందరికంటే తక్కువని వినడమే కళ్ళజోళ్ళాయనకి వారానికంతటికీ సరిపడా బలం.

ఇంత సుఖంగా సాగిపోతున్న బతుకులోకి తోడల్లుడు వచ్చిపడ్డాడు.

వచ్చిపడ్డాడనడం కూడా అన్యాయమే. చేతులారా తీసుకొచ్చింది ఈయనే. పోయిన ఏడాది పోటీలు ముప్పాతిక వంతు అయిపోయాక ఒకరోజు మరదలు ఫోను చేసి, "బావా, మా ఆయన్ని కూడా మీ కార్ల దగ్గరికి లాక్కుపో. అమ్మేదీ పరుపులే, సెలవు రోజు పడుకునేదీ వాటిమీదే. మనిషే పరుపులా తయారవుతున్నాడు" అంది. ఒకటో అంకె చూపించుకోవడానికి చుట్టాల్లో ఇంకో మనిషి దొరికాడని కళ్ళజోళ్ళాయన లోపల్లోపల సంబరపడ్డాడు.

పరుపులాయన చెప్పులతో వచ్చాడు. కారు వెనక సీట్లో పిల్లదాని కుర్చీ, దాని నిండా బిస్కెట్ పొడి. కళ్ళజోళ్ళాయనకేమో ఇందుకోసమే కొనుక్కున్న పల్చటి అడుగున్న నల్లబూట్లు, సగం వేళ్ళ తొడుగులు, టైర్లలో గాలి చూసుకునే సొంత మీటరు. వరసకి తమ్ముడే కదా అని ఆయన పెద్దరికంగా అతని పక్కన కూర్చుని నేర్పాడు. "బ్రేకు ముందే వెయ్యి, మలుపులోకి వెళ్ళాక కాదు. ముఖ్యంగా ఒకటి గుర్తుపెట్టుకో. కోను వంక చూడకు. చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. కోను దాటాక ఎక్కడికెళ్ళాలో అటు చూడు."

"అలాగే అన్నయ్యా" అన్నాడు పరుపులాయన నోట్లో బిస్కెట్టుతో.

మొదటి ఆదివారం అతను పోస్టుమాస్టరు కంటే కూడా వెనకపడ్డాడు. పోస్టుమాస్టరు అంటే ఉద్యోగం నుంచి దిగిపోయాక క్లబ్బులో చేరి, చేరిన రోజు నుంచీ ఆఖరి స్థానాన్ని ఇంకొకరికి ఇవ్వని మనిషి. ఆ రోజు కళ్ళజోళ్ళాయనకి తమ్ముడంటే ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. భుజం తట్టి, టీ ఇప్పించి, "వస్తుందిలే, తొందరేముంది" అన్నాడు.

తొందరగానే వచ్చింది. ఆ ఏడాది ఆఖరి ఆదివారం పరుపులాయన అదే చెప్పులతో, అదే బిస్కెట్ పొడితో వెళ్ళి ఈయన కంటే అర సెకను ముందు వచ్చాడు. అర సెకనంటే రెప్ప ఒకసారి వేసి తీసేంత. రెప్పల మీద బతికే మనిషికి అదెంతో ఒకరు చెప్పాలా? పోనీ అది కూడా సర్దుకునేవాడేమో. మైకులో భార్య గొంతు వినపడింది. "అబ్బ! ఈ రోజుకి ఇదే అందరికంటే తక్కువ టైము. మా మరిదిగారు!"

ఆ 'అబ్బ' ఆయన గుండెల్లో ముల్లులా దిగబడింది. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ విప్పుతూ అడిగేశాడు.

"మైకులో అబ్బ అన్నావేంటి?"

"అన్నానా?" అందావిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ.

"మైదానం మైదానమంతా విన్నది. తొమ్మిదేళ్ళలో నాకు ఒక్కసారైనా అన్నావా అబ్బ అని?"

ఆవిడ ఎర్రపెన్ను పక్కన పెట్టి ఆయన వంక వింతగా చూసింది. "మీరు గెలుస్తారని ముందే తెలుసు కదండీ. తెలిసినదానికి అబ్బ ఏమిటి? పోయి స్నానం చేయండి."

నిజానికి మొగుడికి అంతకంటే మంచి మాట ఏ పెళ్ళామూ చెప్పదు. కానీ అసూయ పట్టినవాడికి చెవులు వేరే ఉంటాయి. తను గెలవడం నిన్నటి పేపరు, తమ్ముడు గెలవడం తాజా వార్త అని ఆయనకి అర్థమైంది. స్నానం చేస్తున్నంతసేపూ ఆ ముక్కే నమిలాడు.

ఆ ఏటికి పాత పాయింట్ల పుణ్యమా అని అంకె దక్కింది. వచ్చే ఏడు తమ్ముడు మొదటి ఆదివారం నుంచే దిగుతాడు. పన్నెండు నెలలూ ఆ చెప్పుల కాలి కింద తన టైము నలగవలసిందే. తలుపు మీది అంకె తొలగించాక, దాని కింద ఎండ తగలని చోటు చదరంగా తేడాగా కనపడుతుంది కదా, ఆ చదరం ఆయనకి కళ్ళు మూసుకున్నా కనపడేది. షాపుకొచ్చినవాళ్ళు "ఇక్కడ ఏదో ఉండేది కదండీ?" అని అడుగుతున్నట్టు వినపడేది. అలా ఆలోచించి ఆలోచించి, చివరికి ఒక గొప్ప ఉపాయం కనిపెట్టాడు. దానికి దయ అనే ముసుగు కూడా తొడిగాడు.

క్లబ్బు సెక్రటరీ పళ్ళ డాక్టరమ్మ. సమావేశాలన్నీ ఆవిడ ఆస్పత్రి ముందుగదిలోనే, గోడల మీది దవడల బొమ్మల మధ్య జరుగుతాయి. ఆ ఏటి సమావేశంలో కళ్ళజోళ్ళాయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"మన దగ్గరికి కొత్తవాళ్ళు వస్తారు, రెండు మూడు వారాలు వరసగా ఓడిపోతారు, మొహం చాటేస్తారు. పాపం వాళ్ళ తప్పేముంది? చెయ్యి తిరిగినవాళ్ళతో పోటీ పెడితే ఎవరు నిలుస్తారు? అందుకని నేర్పును బట్టి రెండు వర్గాలు చేద్దాం. ఆరితేరినవాళ్ళు ఒకటో వర్గం, నేర్చుకునేవాళ్ళు రెండో వర్గం. ఎవరి పోటీ వాళ్ళది. పని వంతులు కూడా అలాగే."

డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ వెంటనే అడ్డుపడింది. "తనకంటే బాగా నడిపేవాళ్ళతో పోల్చుకుంటేనే ఎవరికైనా చెయ్యి తిరిగేది. అయినా నేర్పును ఎలా కొలుస్తారండీ? ఇంజనైతే దాని మీద రాసుంటుంది. మనిషి మీద ఏం రాసుంటుంది?"

"పోయిన ఏడాది పాయింట్లు ఉన్నాయి కదా. అంకెలు అబద్ధమాడవు" అన్నాడు కళ్ళజోళ్ళాయన. పోటీలు అయిపోవచ్చాక చేరిన తమ్ముడికి పాయింట్లు ఎన్ని ఉంటాయో ఆయనకి బాగా తెలుసు.

పోస్టుమాస్టరు చెయ్యెత్తాడు. "నన్ను రెండో వర్గంలో పడేస్తారా? చూడండి, ఇప్పుడు నేను మీలాంటి గట్టివాళ్ళ చేతుల్లో ఓడిపోతున్నాను. అందులో కొంత పరువుంది. రేపు నాలాంటివాళ్ళ చేతుల్లో కూడా ఓడిపోతే ఇంట్లో ఏమని చెప్పుకోవాలి?"

అందరూ నవ్వారు. డాక్టరమ్మ మాత్రం కొత్తవాళ్ళు నిలవకపోవడం నిజమే కదా అని ఆలోచనలో పడింది. అప్పుడు పరుపులాయన లేచాడు.

"అన్నయ్య చెప్పాడంటే మంచికే చెప్తాడు. నాకు చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే. నాకు రెండో వర్గమైతే రెండో వర్గం, ఏముంది అందులో?" అని అందరికంటే ముందు చెయ్యెత్తాడు. వెనకే మరికొన్ని చేతులు లేచాయి. ఒక్క ఏడాది చూద్దామనీ, ఒకటో అంకె ఒకటో వర్గంలో గెలిచినవాళ్ళదేననీ తేల్చారు.

అనుకున్నది అనుకున్నట్టు జరిగినందుకు కళ్ళజోళ్ళాయన గంతులు వేయాలి. వేయలేదు. ఒళ్ళు మండింది. వాడు ఎదురు తిరిగి ఉంటే బాగుండేది, నలుగురి ముందు పోట్లాడి ఉంటే ఇంకా బాగుండేది. ఎంత తోసినా తలుపు తెరిచి పక్కకు తప్పుకునే మనిషిని ఏమని ద్వేషించాలి?

ఉపాయంలో ఒక చిన్న పొరపాటు ఉందని కొత్త ఏడాది మొదటి ఆదివారమే తెలిసింది. ఇంతకాలం ఇద్దరివీ పెట్రోలు కార్లే గనుక ఇద్దరిదీ ఒకే జట్టు. తమ్ముడు నడుపుతుంటే తను వెనక వరసలో కారులోనే కూర్చుని ఉండేవాడు, కళ్ళారా చూసే ఖర్మ లేకపోయింది. ఇప్పుడు రెండో వర్గం నడుపుతుంటే ఒకటో వర్గం వాళ్ళు కోన్ల దగ్గర నిలబడాలి. అంటే ఈయన నెత్తిన టోపీ, చేతిలో వాకీటాకీ పెట్టుకుని, తోడల్లుడి కోన్లకు కాపలా కాయాలి.

చూశాడు. చూడటమే వృత్తయినవాడు కదా, పూర్తిగా చూశాడు. తను స్టీరింగుతో కుస్తీ పట్టే చోట అతను దాన్ని ఒంటి చేత్తో, పిల్లదాని తల నిమిరినట్టు తిప్పుతున్నాడు. బండి కోనుకి బెత్తెడు దూరంలోంచి జారిపోతుంటే ఆ గాలి ఈయన ప్యాంటుకి తగిలేది. అతని మొహంలో కష్టమనేదే లేదు. తొమ్మిదేళ్ళు పళ్ళు బిగించి సంపాదించినది వీడికి బిస్కెట్ తింటూ వచ్చేసింది. ఆ సులువే ఈయన్ని టైము కంటే ఎక్కువ కాల్చేసింది.

ఇక టైముల బోర్డు ఇంకో శిక్ష. డాక్టరమ్మ రెండు వర్గాల టైములూ పక్కపక్కనే రెండు వరసలుగా రాసేది. ఎడమ వరసలో పైన కళ్ళజోళ్ళాయన. కుడి వరసలో పైన పరుపులాయన, ఇంకాస్త తక్కువ టైముతో. మధ్యలో గోడ కడదామని తను ఇటుకలు మోస్తే అక్కడ కిటికీ లేచింది. అందరూ ఎడమ వరస చూసేవాళ్ళు, కుడి వరస చూసేవాళ్ళు, ఆ తర్వాత ఆయన మొహం చూడకుండా టీ తాగడానికి పోయేవాళ్ళు. ఆయన గెలిచినట్టు మైకులో చదివితే చప్పట్లు ముక్కుతూ మూలుగుతూ వచ్చేవి. పరుపు దులిపినట్టు దబదబా కొట్టేది ఒక్క తోడల్లుడే. ఆ చప్పుడు వింటే అరికాలి మంట నెత్తికెక్కేది.

ఏడాది చివరికొచ్చాక పోస్టుమాస్టరే అడిగాడు, ఏ పాపమూ ఎరగని మొహంతో. "నాకొక అనుమానం. ఒకటో అంకె అంటే క్లబ్బుకి ఒకటా, వర్గానికి ఒకటా?"

అందరూ కళ్ళజోళ్ళాయన వంక చూశారు. ఆ చూపుల మధ్య నిలబడి 'వర్గానికే' అనగలిగే మొనగాడు ఎవడు? "నాకేం అభ్యంతరం? ఆఖరి ఆదివారం రెండు వర్గాలనీ కలిపి చూద్దాం. ఎవరి టైము తక్కువైతే వాళ్ళదే అంకె" అన్నాడు. అన్నాక తన నోటిని తనే నమ్మలేకపోయాడు. ఆఖరి ఆదివారం ఆనవాయితీ ప్రకారం మనిషికి ఒక్కటే పరుగు. ఆ ఒక్క పరుగుతో తలుపు మీది అంకె ఉంటుంది, లేదా ఊడుతుంది.

ఆ ఆదివారం ముందుగా రెండో వర్గం నడిపింది. కళ్ళజోళ్ళాయనకి నాలుగో మూల పడింది. అందరినీ తికమకపెట్టే మూల అది. పొడుగ్గా వచ్చి ఒక్కసారిగా కుడికి మెలి తిరగాలి, ఆ మెలికలో ఒంటరిగా ఒక కోను. సుద్దగీతలు పొద్దున డాక్టరమ్మే స్వయంగా గీసింది.

చిట్టచివర పరుపులాయన వచ్చాడు. వచ్చేటప్పుడే తెలిసిపోయింది. ఆ ఇంజను చప్పుడులో ఎక్కడా తడబాటు లేదు. నాలుగో మూలలో బండి మెలి తిరిగి, వెనక పక్క కోనుని మృదువుగా తోసి, వెళ్ళిపోయింది. కోను ఊగింది, కాస్త జరిగింది, నిలబడింది.

కళ్ళజోళ్ళాయన వంగి చూశాడు. కోను అడుగు అంచు గీత మీదే ఉంది. వేలెడంత మేర, అనుమానానికి తావు లేకుండా ఉంది. ప్రపంచంలో ఇంకెవరు చూసినా పొరపడవచ్చునేమో గానీ, ఆయన పొరపడడు.

"నాలుగో మూల?" వాకీటాకీలో భార్య గొంతు. ఆ గొంతులో అప్పుడే ఏదో ఉత్సాహం. టైము చూసింది కాబోలు. నోటి చివర ఒక 'అబ్బ' సిద్ధంగా ఉన్నట్టే వినిపించింది ఆయనకి.

"ఒకటి" అన్నాడు.

"పడిందా, జరిగిందా?"

"జరిగింది. గీత దాటింది."

"సరే" అందావిడ. భార్యతో ఇంతకాలం కాపురంలో ఆయన చిన్నాచితకా అబద్ధాలు చాలానే ఆడాడు, ఇలాంటిది ఎప్పుడూ ఆడలేదు. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని భయం వేసింది. కోనుని ఎత్తి నడుమ పెట్టి, బూటు ముందుభాగంతో గీతని నాలుగు వైపులా గబగబా రుద్ది చెరిపేశాడు. మైకులో తమ్ముడి టైము వినపడింది, రెండు సెకన్లు కలిపి. అబ్బ లేదు, గిబ్బ లేదు. కళ్ళజోళ్ళాయనకి హాయిగా అనిపించాల్సింది. నోరంతా చేదుగా ఉంది.

వంతులు మారాయి. కళ్ళజోళ్ళాయన కారు ఎక్కడానికి వెళ్తుంటే పరుపులాయన ఎదురొచ్చి వాకీటాకీ అందుకున్నాడు. "నాలుగులో తగిలిందట కదా అన్నయ్యా. నాకు గీత లోపలే ఉన్నట్టనిపించింది. పోన్లే, నువ్వు చూశావుగా. నీ కన్నా బాగా ఎవరికి కనపడుతుంది?" అని ఈయన నిలబడిన చోటికే వెళ్ళి నిలబడ్డాడు.

అందరూ అయ్యాక కళ్ళజోళ్ళాయన బయలుదేరాడు. తమ్ముడి లెక్కలో రెండు సెకన్లు అదనంగా ఉన్నాయి, జాగ్రత్తగా నడిపితే చాలు. ఒకటో మూల, రెండో మూల, మూడో మూల చక్కగా దాటాడు. నాలుగో మూల వచ్చేసరికి, కోను పక్కన పరుపులాయన వంగి నేల వంక చూస్తూ కనిపించాడు. బండి వస్తున్నా తల ఎత్తడం లేదు. వేలితో సిమెంటు మీద రుద్ది చూస్తున్నాడు. కళ్ళజోళ్ళాయన చూపు ఆ వేలి మీదికి పోయింది, అక్కణ్ణుంచి కోను మీదికి పోయింది. చూపు ఎటు పోతే బండి అటే పోతుందని తనే చెప్పాడు కదా. పరుపులాయన వెనక్కి గెంతాడు. దబ్‌మని చప్పుడైంది. కోను పడకుండానే మూరెడు దూరం జారిపోయింది.

ఆఖరి గీత దాటి, భార్య కూర్చున్న మైకు బల్ల పక్కనే బండి ఆపాడు. బల్ల మీది వాకీటాకీ మాటలన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి.

"నాలుగో మూల?" అంది భార్య.

ఆవిడ మళ్ళీ అడిగింది.

"నాలుగో మూల? మరిదిగారూ, వినపడుతోందా?"

"వినపడుతోంది వదినా. కోను జరిగింది. బాగానే జరిగింది. కానీ నిలబడే ఉంది." కాస్త ఆగాడు. "ఇక్కడ గీత లేదు."

డాక్టరమ్మ వాకీటాకీ లాక్కుంది. "గీత లేకపోవడమేంటి? పొద్దున నేనేగా గీసింది!"

"చెరిగిపోయింది డాక్టరుగారూ. గాలికో, టైరుకో. నా తర్వాత వచ్చినవాళ్ళకి ఈ కోను తగల్లేదు గనుక ఎవరూ చూసుకోలేదు. గీత లేకపోతే డ్రైవరుకే లాభం కదండీ. సున్నా."

భార్య మైకులో టైము చదివింది. పరుపులాయన అసలు టైము కంటే అర సెకను ఎక్కువ. అతనికి కలిపిన రెండు సెకన్లు ఉన్నాయి గనుక, తనకి ఏమీ కలవలేదు గనుక, కళ్ళజోళ్ళాయన గెలిచాడు. ఇద్దరికీ కలిపి ఉంటే ఓడేవాడు. ఇద్దరికీ కలపకపోయినా ఓడేవాడు. గెలవడానికి ఉన్నది ఈ ఒక్క దారే. ఆ దారి తన బూటే వేసింది.

పోటీ ముగిశాక అందరూ కోన్లు ఏరాలి. కాళ్ళు ఎంత వద్దన్నా నాలుగో మూలకి వెళ్ళక తప్పలేదు. పరుపులాయన కోన్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి దొంతర పెడుతున్నాడు. నవ్వు లేకుండా అతని మొహాన్ని ఈయన చూడటం అదే మొదటిసారి.

"గెలిచావు అన్నయ్యా. సంతోషం" అన్నాడు. అతని చూపు మెల్లగా కిందికి దిగి ఈయన నల్లబూటు దగ్గర ఆగింది. బూటు ముందుభాగమంతా పిండిలో ముంచినట్టు తెల్లగా ఉంది. "సుద్ద అంటింది. పొడిగుడ్డతో రుద్దకు, ఇంకా పాకుతుంది. తడిగుడ్డతో తుడుచుకో."

కళ్ళజోళ్ళాయన ఆ కాలిని రెండో కాలి వెనక్కి లాక్కున్నాడు. "అదీ... నేను..." అన్నాడు.

"వచ్చే ఏడాది ఈ వర్గాలు తీసేయమని చెప్పు" అన్నాడు పరుపులాయన, ఈయన మాట వినపడనట్టే. "ఇద్దరం ఒకే జట్టులో ఉంటే నా కోను దగ్గర నువ్వు నిలబడక్కర్లేదు, నీ కోను దగ్గర నేను నిలబడక్కర్లేదు. అక్కకీ చెల్లికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రాణం, మనం రేపు కూడా ఒక బల్ల మీద అన్నం తినాలి. ఇవాళ ఇక్కడ నిలబడటం నాకు చాలా కష్టమైంది అన్నయ్యా."

అని ఇంకో కోను కోసం వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. కాలరు పట్టుకుని ఉంటే మరీ బాగుండేది. గీత లేదన్న సంగతి దాచి 'ఒకటి' అని ఉంటే, ఇద్దరూ సమానమయ్యేవాళ్ళు, ఆ సమానం చాలు ఈయనకి. వాడు అది కూడా ఇవ్వలేదు. ఇంతకాలం టైము చూసి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు కుళ్ళుకోవడానికి అంతకంటే పెద్దది దొరికింది, దాన్ని ఏ గడియారమూ కొలవదు.

బల్ల దగ్గర భార్య కొత్త అంకె అట్టమీంచి ఊడదీస్తోంది. ఈయన్ని చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. కళ్ళజోళ్ళాయన ఏడాదిగా ఎదురుచూస్తున్న మాట ఆవిడ నోట్లోంచి అప్పుడు వచ్చింది.

"అబ్బ! ఏం మనిషండీ మా మరిది! అది గీత దాటిందని ఒక్క ముక్క అంటే అంకె తనదే కదా. ఎవరు చూడొచ్చారు? తనంతట తను గీత లేదని చెప్పి, సున్నా అన్నాడు. నేనైతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను." అంకె ఆయన చేతిలో పెట్టింది. "ఊఁ, అంటించుకోండి."

అంటించాడు. పదోసారి. కాస్త వంకరగా పడింది. ఊడదీసి సరిచేద్దామంటే చిరిగిపోతుందని వదిలేశాడు.

డాక్టరమ్మ బోర్డు తుడుస్తూ అడిగింది. "ఏడాది చూద్దామన్నాం, చూశాం. ఈ వర్గాలు ఉంచుదామా, తీసేద్దామా? తీసేయాలనే వాళ్ళు చేతులెత్తండి."

అందరికంటే ముందు లేచింది కళ్ళజోళ్ళాయన చెయ్యి. జనం ఒక్క క్షణం విస్తుపోయారు. వర్గాలు కావాలని పట్టుపట్టింది ఆయనే, గెలిచిందీ ఆయనే.

"చూశారా పెద్దమనసు! గెలిచి కూడా అందరితో కలిసి పోటీకి వస్తానంటున్నాడు" అన్నాడు పోస్టుమాస్టరు, నిజంగానే కదిలిపోయి. డ్రైవింగ్ స్కూలావిడ ముందుగా చప్పట్లు మొదలుపెట్టింది. డాక్టరమ్మ కొట్టింది. మైకు పక్కన పెట్టి భార్య కూడా కొట్టింది. ఏడాది మొత్తంలో ఆయనకి అంత గట్టిగా చప్పట్లు పడటం అదే మొదటిసారి.

కళ్ళజోళ్ళాయన ఆ చప్పట్లలో ఒక్క చప్పుడు కోసం వెతికాడు, పరుపు దులిపినట్టుండే ఆ దబదబ కోసం. అది లేదు. గుంపు చివర తోడల్లుడు నిలబడి ఉన్నాడు. అతని రెండు చేతుల నిండా కోన్లున్నాయి.